వసతి గృహాల పిల్లల్లో కడుపు పురుగుల నిర్ధారణ: అడగడం, నమూనా తీయడం, చూడటం, అర్థం చేసుకోవడం

ఆశ్రమ పాఠశాలలు, సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు, బాలసదనాలు నడిపేవారిని పిల్లల కడుపులో పురుగుల సంగతి అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: మాత్రలు వేయించాం. ఆ మాట నిజమే. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం వల్ల ఏడాది నుంచి 19 ఏళ్ల వయసు వరకు ఉన్న పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జరిగే విడతల్లో ఆల్బెండజోల్ అందుతోంది. రెండేళ్లు నిండినవారికి 400 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి అందులో సగం. ఇది మంచి కార్యక్రమం, దీన్ని ఎవరూ మానకూడదు. కానీ మాత్ర మింగించడం వేరు, బిడ్డ కడుపులో ఏముందో తెలుసుకోవడం వేరు. ఒక్క మోతాదు ఆల్బెండజోల్ ఏలికపాములను బాగా తొలగిస్తుంది, కొంకిపురుగులను చాలావరకు తగ్గిస్తుంది, కొరడాపురుగుల మీద బలహీనంగా పనిచేస్తుంది. కంటికి కనపడని ఏకకణ పరాన్నజీవి జియార్డియాకు ఆ ఒక్క మోతాదు చాలదు. మరుగుజ్జు బద్దెపురుగు విషయంలో దాన్ని నమ్ముకోలేం. పిల్లలు ఒకే గదిలో పడుకుని, ఒకే తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, ఒకే పంక్తిలో తినే చోట ఒకరి నుంచి ఒకరికి తేలికగా పాకేవి ఈ చివరి రెండూనూ. అందుకే మాత్రలు క్రమం తప్పకుండా వేస్తున్నా కొందరు పిల్లలు చిక్కిపోతూనే ఉంటారు, వారిని ఎవరూ పరీక్షించరు.

ఈ మార్గదర్శి వార్డెన్లకు, హాస్టల్‌ను చూసే ఏఎన్ఎంలకు, పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్లకు, వైద్యాధికారులకు ఉద్దేశించింది. మందు ఏది, ఎంత అన్నది డాక్టరు నిర్ణయించాలి; అక్కడి వరకు తీసుకెళ్లే దారి ఇక్కడ ఉంది.

మొదటి మెట్టు: దేనికోసం వెతుకుతున్నామో తెలియడం

పురుగు పేరు తెలిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చాలావరకు తెలుస్తుంది. హాస్టల్‌లో నిర్ధారణకు ఇంత శ్రమ పడటం ఎందుకంటే ఇందుకే.

ఏలికపాము, కొరడాపురుగు, కొంకిపురుగు అనే మూడూ మట్టి ద్వారా వచ్చేవి. మొదటి రెండింటి గుడ్లు మలంతో బయటపడిన వెంటనే అంటవు. తేమ ఉన్న నేలలో రెండు మూడు వారాలు పక్వానికి వచ్చాకే, ఆ మట్టి చేతికో కూరగాయకో అంటుకుని నోట్లోకి వెళితేనే, కొత్త బిడ్డకు సోకుతాయి. కొంకిపురుగు పిల్లలు మట్టిలో కాచుకుని ఉండి, చెప్పుల్లేని కాళ్ల చర్మం గుండా లోపలికి దూరుతాయి. కాబట్టి ఈ మూడింటిలో ఏదైనా ఎక్కువమందిలో కనపడితే, అది సెలవుల్లో ఊరి నుంచి వచ్చిందా, లేక హాస్టల్ వెనక ఖాళీస్థలంలో పిల్లలు బహిర్భూమికి వెళుతున్నారా అని చూడాలి. మరుగుదొడ్లు ఉన్నా నీళ్లు రాని చోట, గొళ్లెం లేని చోట పిల్లలు పొదల చాటుకే వెళతారు.

సూదిపురుగు సంగతి వేరు. ప్రచార పత్రాల్లో అన్నిటికీ నులిపురుగులనే పేరు వాడుతున్నారు గనుక, రాత్రి మలద్వారం దగ్గరకు వచ్చి గుడ్లు పెట్టే సన్నని తెల్లని పురుగును ఇక్కడ సూదిపురుగు అనే అంటాను. దాని గుడ్లు కొన్ని గంటల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. దుప్పట్ల మీద, గోళ్ల కింద, తలుపు గొళ్లేల మీద రెండు మూడు వారాలు బతకగలవు. మరుగుజ్జు బద్దెపురుగు గుడ్లు బయటికి వచ్చేసరికే సిద్ధంగా ఉంటాయి, పైగా అదే బిడ్డ పేగులోనే అవి పొదిగి సంఖ్య పెరుగుతూ పోతుంది. జియార్డియా, ఎంటమీబా హిస్టోలిటికా అనే అమీబా నీటి ద్వారా, వంటవారి చేతుల ద్వారా, పక్క బిడ్డ చేతుల ద్వారా వస్తాయి. ఈ గుంపులోనివి ఒకే గదిలో నలుగురిలో దొరికితే ఊరిని అనుమానించే పని లేదు. అవి హాస్టల్‌లోనే తిరుగుతున్నాయి.

రెండో మెట్టు: బిడ్డను అడగడం, చూడటం

చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ ఉండదు. లక్షణాలున్నప్పుడు కూడా అవి అస్పష్టంగా ఉంటాయి: బొడ్డు చుట్టూ నొప్పి, అన్నం సయించకపోవడం, వాంతి వచ్చినట్లుండటం, తరగతిలో నీరసంగా కూర్చోవడం. అయినా కొన్ని ఆనవాళ్లు మనల్ని ఒక దిక్కుకు తిప్పుతాయి. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద, నిద్ర పట్టకపోవడం, ఆడపిల్లల్లో మూత్రం పోసే చోట మంట, ఆగిపోయిన పక్కతడపడం మళ్లీ మొదలవడం సూదిపురుగును సూచిస్తాయి. దుర్వాసనతో జిడ్డుగా తేలే విరేచనాలు, కడుపుబ్బరం, తేన్పులు వారాల తరబడి ఉండి బరువు తగ్గుతుంటే జియార్డియాను ముందు అనుమానించాలి. చీము, నెత్తురు, జిగటతో విరేచనాలు అయితే అమీబాను, బాక్టీరియా వల్ల వచ్చే జిగట విరేచనాలను, తీవ్రమైన కొరడాపురుగు సోకుడును దృష్టిలో పెట్టుకోవాలి. కొరడాపురుగులు మరీ ఎక్కువైన బిడ్డకు మలద్వారం నుంచి పేగు బయటికి జారడం కూడా ఉంటుంది. పాలిపోయిన ముఖం, మెట్లెక్కితే ఆయాసం, మట్టి, సుద్దముక్కలు, పచ్చిబియ్యం తినాలన్న కోరిక ఉంటే రక్తహీనత, దాని వెనక కొంకిపురుగు ఉండవచ్చు.

నిద్రలో పళ్లు కొరికితే పురుగులున్నట్లేనని, బెల్లం తింటే పురుగులు పడతాయని, బుగ్గల మీద తెల్లమచ్చలు పురుగుల గుర్తని మన ఇళ్లలో బలంగా నమ్ముతారు. ఇవేవీ నిర్ధారణకు పనికిరావు. పళ్లు కొరకడం మానసిక ఒత్తిడిలో ఉన్న బిడ్డలోనూ కనిపిస్తుంది. ఇల్లు వదిలి వచ్చిన బిడ్డ విషయంలో ఆ కోణాన్ని పురుగుల మాత్రతో కప్పేయడం అన్యాయం.

అడిగే తీరు మీదే సగం సమాచారం ఆధారపడి ఉంటుంది. వరుసలో నిలబెట్టి "ఎవరికి దురదగా ఉంది?" అని అరిస్తే ఎవరూ చెయ్యెత్తరు. ఒక్కొక్కరినీ విడిగా, మిగతా పిల్లలకు వినపడని చోట, తలుపు తెరిచే ఉంచి, బిడ్డకు చనువున్న ఆయమ్మో ఏఎన్ఎమ్మో దగ్గర కూర్చుని అడగాలి: "నాన్నా, రాత్రి పడుకున్నాక కింద దురద పెడుతోందా? దొడ్డికి వెళ్లినప్పుడు తెల్లగా ఏమైనా కదిలినట్లు కనిపించిందా? వానపాములా పొడుగ్గా ఏదైనా పడిందా?" ఏజెన్సీ ప్రాంతాల్లో ఇంట్లో గోండి, కోయ, సవర మాట్లాడే చిన్నపిల్లలను తెలుగులో అడిగితే తల ఊపుతారే తప్ప జవాబు చెప్పరు, వారి భాష వచ్చిన సిబ్బందిని కూర్చోబెట్టుకోవాలి. తోటి విద్యార్థిని దుబాసీగా పెట్టవద్దు, ఆ మాట సాయంత్రానికి హాస్టలంతా తెలుస్తుంది.

తర్వాత బరువు, ఎత్తు కొలిచి గత నెల అంకెలతో పోల్చాలి. కింది కనురెప్ప లోపలి భాగం పాలిపోయిందేమో చూసి, హిమోగ్లోబిన్ చేయించాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 11.5, 12 నుంచి 14 ఏళ్లవారిలో 12 గ్రాముల (డెసిలీటరు రక్తానికి) కంటే తగ్గితే రక్తహీనత. అయితే రక్తహీనత కనపడగానే తప్పు పురుగులదే అనుకోకూడదు. తిండిలో ఇనుము లోపం, మలేరియా, సికిల్ సెల్ వ్యాధి, తలసీమియా కూడా కారణాలే. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ప్రత్యేకంగా ముఖ్యం. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఆ పరీక్ష చేస్తున్నారు గనుక బిడ్డకు అయిందో లేదో కార్డు చూసి తెలుసుకోవాలి.

కొన్ని లక్షణాలుంటే మలపరీక్ష కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆకుపచ్చని వాంతులతో కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోవడం ఏలికపాములు ఉండచుట్టి పేగుకు అడ్డుపడటం కావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కామెర్లు ఉంటే పురుగు పిత్తనాళంలోకి వెళ్లి ఉండవచ్చు, లేదా కాలేయంలో అమీబా గడ్డ ఉండవచ్చు. నెత్తురు విరేచనాలతో జ్వరం, నీరు తగ్గి మగతగా ఉండటం, మూర్ఛ ఇలాంటివే.

మూడో మెట్టు: ఎవరిని, ఎప్పుడు పరీక్షించాలి

లక్షణాలున్న ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలన్నది స్పష్టమే. దానితో ఆగితే హాస్టల్ పరిస్థితి తెలియదు. ఒక బిడ్డలో జియార్డియాయో సూదిపురుగో మరుగుజ్జు బద్దెపురుగో దొరికితే ఆ గదిలో పడుకునే వారందరినీ, ఆ బిడ్డ తోబుట్టువు వేరే గదిలో ఉంటే అతణ్ని కూడా, పరీక్ష జాబితాలో చేర్చాలి. వంటవారిని, వడ్డించేవారిని మరిచిపోవడం ఎక్కువ జరుగుతుంది. వారి నమూనా అడగడం నింద మోపినట్లు కాకుండా, మీ ఆరోగ్యం కోసం అని చెప్పి, దొరికితే జీతం కోత లేకుండా చికిత్స చేయిస్తామని ముందే మాట ఇస్తే దాచరు.

పిల్లలు ఎక్కువగా ఉన్న చోట అందరి మలాన్నీ ఒకేసారి పరీక్షించడం పీహెచ్‌సీ ల్యాబ్‌కు సాధ్యం కాదు. మట్టి ద్వారా వచ్చే పురుగుల సర్వేల్లో ఒక్కో పాఠశాల నుంచి 50 మందిని తీసుకోవడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పద్ధతి. హాస్టల్‌కూ అది అనువైన అంకె. చురుగ్గా ముందుకొచ్చిన 50 మందిని కాకుండా, హాజరుపట్టీలో చిన్న తరగతులు, పెద్ద తరగతులు, అన్ని గదులు వచ్చేలా చీటీ తీసి ఎంచుకోవాలి.

సమయం విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మాత్రల విడతకు ముందు నమూనాలు తీయాలి, తర్వాత తీస్తే అసలు పరిస్థితి కనపడదు. రెండోది, పురుగు లోపలికి వెళ్లిన నాటి నుంచి మలంలో గుడ్లు కనపడేదాకా ఏలికపాముకు, కొరడాపురుగుకు రెండు మూడు నెలలు, కొంకిపురుగుకు ఐదు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది. మే నెలలో ఊళ్లో సోకిన ఏలికపాము జూన్‌లో బడి తెరిచిన రోజు చేసిన పరీక్షలో కనపడదు. చేరిన రోజు పరీక్ష అవసరమే, కానీ అందులో ఏమీ లేదని తేలిన కొత్త బిడ్డకు ఆగస్టు విడత కంటే ముందు మరోసారి చేయాలి. సోకిన నాటికీ గుడ్లు కనపడే నాటికీ మధ్య ఏలికపాము పిల్లలు ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణిస్తాయి. అప్పుడు పొడి దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగడం ఉంటాయి, మలం మాత్రం శుభ్రంగా ఉంటుంది.

నాలుగో మెట్టు: మలం నమూనా తీయడం

ల్యాబ్‌లో ఎంత నేర్పున్నా నమూనా చెడితే ఫలితం చెడుతుంది. మూత బిగిసే, వెడల్పాటి మూతి ఉన్న, పొడి ప్లాస్టిక్ డబ్బాలు కావాలి. ముందురోజు సాయంత్రం పిల్లలకు డబ్బా, చెంచా, ఒక పాత కాగితం ఇచ్చి, ముందు మూత్రం పోసి వచ్చి, తర్వాత కాగితం మీద మలవిసర్జన చేసి, చింతగింజలు రెండు మూడింటి పరిమాణంలో డబ్బాలో వేయాలని చూపించి చెప్పాలి. పలచగా అయితే ఒక పెద్ద చెంచా. జిగట, నెత్తురు ఉన్న భాగం ఉంటే దాన్నే తీయాలి. మూత్రం కలిస్తే కదిలే జియార్డియా, అమీబా చనిపోతాయి; నేల మీది నుంచి తీస్తే మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు కలిసి తప్పుదారి పట్టిస్తాయి. ఆరేడేళ్ల లోపు పిల్లలకు ఆయమ్మ సాయపడాలి.

డబ్బా మీద పేరు రాయవద్దు. ఒక అంకె రాసి, ఆ అంకె ఎవరిదో ఏఎన్ఎం దగ్గరున్న రిజిస్టరులో మాత్రమే ఉంచాలి. డబ్బా మీద వయసు, తేదీ, మలం అయిన సమయం ఉంటే చాలు. డబ్బాలు కిటికీలో వరుసగా పేర్లతో పెట్టడం వల్ల ఏడో తరగతి ఆడపిల్ల మర్నాటి నుంచి నమూనా ఇవ్వడం మానేస్తుంది.

మలం గట్టిదనాన్ని బట్టి సమయం నడుస్తుంది. నీళ్ల విరేచనాన్ని అరగంటలో, మెత్తటిదాన్ని గంటలో చూడాలి, లేకుంటే కదిలే రూపాలు కనపడవు. గట్టి మలాన్ని ఐస్ పెట్టెలో పెట్టి ఆరోజే పంపవచ్చు, ఫ్రిజ్‌లో అయితే మర్నాటి వరకు ఆగుతుంది, గడ్డకట్టించకూడదు. మన ఎండల్లో డబ్బాను ఆటోలో సాయంత్రం దాకా తిప్పితే కొంకిపురుగు గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వస్తాయి, వాటిని స్ట్రాంగైలాయిడిస్ అనే మరో పేగు పురుగు పిల్లలుగా పొరబడే ప్రమాదం ఉంది. దూరపు ఏజెన్సీ హాస్టళ్ల నుంచి పంపేటప్పుడు ఒక వంతు మలానికి మూడు వంతుల 10 శాతం ఫార్మలిన్ కలిపి పంపడం మేలు. ఆ పని ల్యాబ్ సిబ్బందే చేయాలి, ఫార్మలిన్ సీసా పిల్లల చేతికి అందే చోట ఉండకూడదు. నా అభిప్రాయంలో అన్నిటికన్నా మంచి పద్ధతి టెక్నీషియన్‌ను, మైక్రోస్కోపును ఒక ఉదయం హాస్టల్‌కే తీసుకురావడం.

ఒక్క నమూనాతో తేల్చకూడదు. లక్షణాలున్న బిడ్డ నుంచి రోజు విడిచి రోజు, పది రోజుల్లోపు మూడు నమూనాలు తీయాలి, ఎందుకంటే జియార్డియా సిస్టులు (గట్టి పొర చుట్టుకున్న కదలని రూపాలు) కొన్ని రోజులు పడతాయి, కొన్ని రోజులు పడవు. బిడ్డ ఇటీవల యాంటిబయాటిక్స్ వాడి ఉంటే రెండు మూడు వారాలు ఆగి చేస్తే నమ్మకం ఎక్కువ. అంతకాలం ఆగలేని స్థితి అయితే వాడిన మందు పేరు పరీక్ష చీటీ మీద తప్పక రాయాలి.

ఐదో మెట్టు: సెల్లోటేపు పరీక్ష

సూదిపురుగు గుడ్లు మలంలో అరుదుగానే కనిపిస్తాయి. మలపరీక్షలో ఏమీ లేదన్నంత మాత్రాన ఆ పురుగు లేదని అనడం హాస్టళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. దీనికి తెల్లవారుజామున, బిడ్డ పక్క మీద నుంచి లేచి స్నానానికో దొడ్డికో వెళ్లకముందే, పారదర్శకమైన సెల్లోటేపుతో పరీక్ష చేయాలి. మసకగా, పాల రంగులో ఉండే టేపు పనికిరాదు.

ముందురోజే బిడ్డకు ఏం చేయబోతున్నామో, నొప్పి ఉండదని చెప్పి, ఒప్పుకుంటేనే చేయాలి. ఆడపిల్లలకు మహిళా సిబ్బందే చేయాలి, రెండో పెద్దమనిషి దగ్గర ఉండాలి, తెర అడ్డు ఉండాలి. పదేళ్లు దాటిన పిల్లలకు ఎలాగో బొమ్మ గీసి చూపిస్తే తామే చేసుకుంటారు, అదే గౌరవంగా ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, నాలుక చూసే చెక్కపుల్ల చివర టేపును జిగురువైపు బయటికి ఉండేలా చుట్టి, పిరుదులను నెమ్మదిగా వేరు చేసి, మలద్వారం చుట్టూ ఉన్న ముడతల మీద కుడి పక్కన ఒకసారి, ఎడమ పక్కన ఒకసారి అద్దాలి. లోపలికి పెట్టే పని లేదు. తర్వాత టేపును జిగురువైపు కిందికి వచ్చేలా గాజు స్లైడు మీద ముడతలు లేకుండా పరిచి, అంకె రాసి కవరులో పెట్టాలి. స్లైడు మీద ఉన్న గుడ్లు అంటుకునేవే గనుక ల్యాబ్‌లో కూడా గ్లవ్స్ తీయకూడదు.

ఒక ఉదయం చేస్తే ఉన్నవారిలో దాదాపు సగం మందే దొరుకుతారు; వరుసగా మూడు ఉదయాలు చేస్తే పదిలో తొమ్మిది మంది దాకా దొరుకుతారు. బిడ్డ దురదతో లేచి ఏడ్చిన రాత్రి, నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చిలైటుతో చూస్తే, సెంటీమీటరు పొడవు తెల్లదారం ముక్కల్లా పురుగులే కనపడవచ్చు. వాటిని టేపుతో తీసి పంపితే వేరే పరీక్ష అక్కర్లేదు.

ఆరో మెట్టు: మైక్రోస్కోపు కింద

ముందు కంటితో చూడాలి. గట్టిగా ఉందా, పలచగా ఉందా, నెత్తురు, జిగట ఉన్నాయా, పురుగు ముక్కలున్నాయా అని రాసుకున్నాకే స్లైడు పెట్టాలి. ఒకే స్లైడు మీద ఎడమపక్క ఒక చుక్క సెలైన్, కుడిపక్క ఒక చుక్క అయోడిన్ వేసి, అగ్గిపుల్ల మొనంత మలాన్ని రెండింటిలోనూ కలిపి కవర్ స్లిప్పులు వేయాలి. మందం సరిపోయిందో లేదో తెలియడానికి పాత పద్ధతి ఒకటుంది: స్లైడును వార్తాపత్రిక మీద పెడితే కింది అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. సెలైన్‌లో కదిలేవి, అయోడిన్‌లో సిస్టుల కేంద్రకాలు తెలుస్తాయి. కాంతిని తగ్గించి, పది రెట్ల లెన్సుతో ఒక మూల నుంచి మొదలుపెట్టి నాగలి చాలు మాదిరిగా స్లిప్పు మొత్తం చూసి, అనుమానం వచ్చిన చోట నలభై రెట్ల లెన్సుకు మారాలి. మొదటి గుడ్డు దొరకగానే ఆపేయడం మంచిది కాదు. ఒకటి ఉన్న బిడ్డలో రెండోది ఉండటం మామూలే.

ఏలికపాము గుడ్డు గోధుమ పసుపు రంగులో, 45 నుంచి 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవుతో, చుట్టూ బొడిపెల పొరతో ఉంటుంది. ఫలదీకరణ జరగని గుడ్డు ఇంకా పొడుగ్గా, ఆకారం తప్పి ఉండటంతో చాలామంది దాన్ని చెత్త అని వదిలేస్తారు. కొంకిపురుగు గుడ్డు 60 నుంచి 75 మైక్రాన్లు, రంగు లేని పలచని పెంకు, లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాలు, పెంకుకూ కణాలకూ మధ్య స్పష్టమైన ఖాళీ. కొరడాపురుగు గుడ్డు 50 మైక్రాన్ల పొడవున పీపా ఆకారంలో, రెండు కొనల్లో పారదర్శకమైన బిరడాలతో ఉండటం వల్ల పొరపడే అవకాశం తక్కువ. సూదిపురుగు గుడ్డుకు ఒక పక్క చదునుగా, మరో పక్క ఉబ్బుగా ఉంటుంది. మరుగుజ్జు బద్దెపురుగు గుడ్డు 30 నుంచి 50 మైక్రాన్ల గుండ్రని గుడ్డు. లోపలి పొరలో ఆరు చిన్న కొక్కేలు, రెండు పొరల మధ్య రెండు కొనల నుంచి సన్నని పోగులు కనపడాలి. ఆ పోగులు చూడకుండా పేరు పెట్టవద్దు, టీనియా అనే పెద్ద బద్దెపురుగు గుడ్డులో కూడా ఆరు కొక్కేలుంటాయి, కానీ దాని పెంకు మందంగా, గీతలతో ఉంటుంది.

జియార్డియా సిస్టు 8 నుంచి 12 మైక్రాన్ల పొడవుతో కోలగా ఉంటుంది, నాలుగు కేంద్రకాలు. తాజా నీళ్ల విరేచనంలో అయితే రాలే ఆకులా పొర్లుతూ కదిలే రూపం కనపడుతుంది. అమీబా విషయంలో ఆచితూచి మాట్లాడాలి: హాని చేసే ఎంటమీబా హిస్టోలిటికా సిస్టుకూ, హాని చేయని ఎంటమీబా డిస్పార్ సిస్టుకూ మైక్రోస్కోపు కింద తేడా లేదు. కదిలే రూపం లోపల మింగిన ఎర్ర రక్తకణాలు కనపడితేనే హిస్టోలిటికా అని గట్టిగా అనుమానించవచ్చు. లేనప్పుడు నివేదికలో రెండు పేర్లూ కలిపి రాయడమే సరైన పని, తేల్చాలంటే యాంటిజెన్ లేదా పీసీఆర్ పరీక్ష కావాలి. ఎనిమిది కేంద్రకాల సిస్టు ఎంటమీబా కోలై. అది రోగం కలిగించదు.

గుడ్లు తక్కువగా ఉన్నప్పుడు ఫార్మల్ ఈథర్ పద్ధతిలో మలాన్ని సాంద్రీకరించి చూస్తే దొరికే అవకాశం పెరుగుతుంది, కానీ అందులో కదిలే రూపాలు మిగలవు గనుక పలచటి మలానికి నేరుగా స్లైడు మీద చూసే పరీక్ష తప్పనిసరి. సర్వే చేసేటప్పుడు కేటో కాట్జ్ పద్ధతి మేలు: 41.7 మిల్లీగ్రాముల అచ్చులో మలాన్ని నింపి, కనపడిన గుడ్లను 24తో హెచ్చిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. స్లైడు చేసిన అరగంట నుంచి గంటలోపు చూడకపోతే గ్లిజరిన్ వల్ల కొంకిపురుగు గుడ్లు కరిగినట్లు మాయమవుతాయి. గ్రాముకు ఏలికపాము గుడ్లు 50,000, కొరడాపురుగువి 10,000, కొంకిపురుగువి 4,000 చేరితే తీవ్రమైన సోకుడుగా లెక్క. ఈ పద్ధతిలో జియార్డియా కనపడదు, నీళ్ల విరేచనాలకు ఇది పనికిరాదు.

విరేచనాలు తగ్గని బిడ్డలో, ముఖ్యంగా పోషణ లోపం ఉన్నవారిలో, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ పరాన్నజీవి కోసం ప్రత్యేకంగా అడగాలి. అది 4 నుంచి 6 మైక్రాన్లే. మార్పు చేసిన యాసిడ్ ఫాస్ట్ రంగు వేస్తేనే ఎర్రగా కనపడుతుంది. చీటీ మీద అడగకపోతే ల్యాబ్‌లో ఆ రంగు వేయరు. అలాగే కిడ్నీ జబ్బుకో ఉబ్బసానికో బిడ్డకు ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు స్ట్రాంగైలాయిడిస్ కోసం చూడమని డాక్టరును అడగడం ప్రాణాలు కాపాడే జాగ్రత్త.

ఏడో మెట్టు: ఫలితాన్ని అర్థం చేసుకోవడం

"ఏమీ కనపడలేదు" అంటే ఆ నమూనాలో, ఆ పద్ధతిలో కనపడలేదని మాత్రమే. లక్షణాలు కొనసాగుతుంటే మూడు నమూనాలు పూర్తి చేయాలి, జియార్డియా యాంటిజెన్ పరీక్ష అందుబాటులో ఉంటే చేయించాలి. ఇవన్నీ అయ్యాక కూడా బిడ్డ బరువు పెరగకపోతే పురుగుల మీదే దృష్టి పెట్టకుండా క్షయ, సీలియాక్ వ్యాధి, తిండి చాలకపోవడం వంటివి చూడాలి. రక్తంలో ఇసినోఫిల్స్ మామూలుగా ఉన్నాయి కాబట్టి పురుగులు లేవనడమూ సరికాదు. జియార్డియాలో, సూదిపురుగులో అవి సాధారణంగా పెరగవు.

దొరికిన ప్రతిదానికీ మందు అక్కర్లేదు. ఎంటమీబా కోలై కనపడిన బిడ్డకు మెట్రోనిడజోల్ ఇవ్వడం వల్ల ఆ బిడ్డకు ఒరిగేది లేదు. కానీ హాస్టల్‌కు అది విలువైన సమాచారం: ఎవరి మలమో నీటిలోకో అన్నంలోకో చేరి ఈ బిడ్డ నోటికి వెళ్లింది. అలాంటి ఫలితాలు ఎక్కువమందిలో వస్తే ట్యాంకు, పైపులు, చేతులు కడిగే చోటు పరిశీలించాలి. మామూలు క్లోరిన్ మోతాదుకు జియార్డియా సిస్టులు తట్టుకోగలవు, క్రిప్టోస్పోరిడియం అసలు లొంగదు. అందుకే విరేచనాలు వ్యాపించినప్పుడు తాగేనీరు మరిగించడం మేలు.

ఎనిమిదో మెట్టు: చికిత్స ముందు, తర్వాత

ఫలితాన్ని డాక్టరుకు పంపేటప్పుడు బిడ్డ బరువు, మూర్ఛల చరిత్ర, ఇతర మందులు, చివరిసారి ఆల్బెండజోల్ తీసుకున్న తేదీ కలిపి రాయాలి. మూర్ఛల మాట ప్రత్యేకంగా ఎందుకంటే, మెదడులో పంది బద్దెపురుగు తిత్తులున్న బిడ్డకు ఆల్బెండజోల్ లేదా ప్రాజిక్వాంటెల్ ఇచ్చినప్పుడు మూర్ఛలు రావచ్చు. సూదిపురుగు దొరికితే ఆ గదిలోని పిల్లలకు, వారిని చూసుకునే సిబ్బందికి ఒకేరోజు చికిత్స చేసి, రెండు వారాలకు మళ్లీ ఇవ్వాలి. ఒక్కరికే ఇస్తే నెల తిరిగేసరికి మళ్లీ అదే. ఆరోజే దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి, గోళ్లు తీయాలి, పొద్దున్నే స్నానం చేయించాలి.

మట్టి ద్వారా వచ్చే పురుగులకు మందు ఇచ్చిన రెండు మూడు వారాలకు మలం తిరిగి చూస్తే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. అప్పుడు ఏమీ లేక, రెండు మూడు నెలల తర్వాత గుడ్లు కనపడితే అది చాలావరకు మందు వైఫల్యం కాదు, మళ్లీ సోకడం. ఈ తేడా తెలియాలంటే తేదీలు రాసి ఉండాలి. బిడ్డ ఆరోగ్య రికార్డులో పరీక్ష తేదీ, పద్ధతి, ఎన్ని నమూనాలు, ఏం దొరికింది, ఏం ఇచ్చారు, తిరిగి ఎప్పుడు చూశారు అన్నవి ఉండాలి. గోడ మీద అంటించే జాబితాలో ఏ పేరూ ఉండకూడదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు గదుల వారీగా లెక్కను వారికి చూపాలి. బిడ్డ వేరే సంస్థకు మారినా, ఇంటికి తిరిగి వెళ్లినా ఆ రికార్డు నకలు బిడ్డతో పాటు వెళ్లాలి, ఇంట్లో తమ్ముడికీ చెల్లికీ కూడా పరీక్ష చేయించమని తల్లికి చీటీ మీద కాకుండా నోటితో వివరించి చెప్పాలి.